ఖుక్రి ఫైలు తెరవండి: రక్షణ శాఖ, నౌకాదళ పెద్దలకు బహిరంగ లేఖ

యుద్ధ చరిత్ర, పాత రికార్డుల బాధ్యత చూసే రక్షణ శాఖ, నౌకాదళ అధికారులకు,

నమస్కారం. విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. నేను నేవీ ఉద్యోగిని కాను. అయినా ఈ ఊళ్లో పెరిగినవాళ్లకి నేవీ పరాయిది కాదని మీకూ తెలుసు.

విషయం సూటిగా చెప్పేస్తాను. 1971 పాకిస్తాన్ యుద్ధంలో, డిసెంబరు 9 రాత్రి, పాకిస్తాన్ జలాంతర్గామి దాడిలో అరేబియా సముద్రంలో మునిగిపోయిన మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఖుక్రి రికార్డులు ప్రజల ముందు పెట్టండి. ఆ ఓడ కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఎలా చనిపోయారో దేశానికి తెలుసు. ఆయన పేరున పోస్టల్ స్టాంపు ఉంది, మహావీర చక్ర ఉంది. ఆయనతో పాటు మరో 193 మంది ఎందుకు చనిపోవాల్సి వచ్చిందన్నది మాత్రం అధికారికంగా, పూర్తిగా ఎవరూ చెప్పలేదు.

ఈ మాట కొత్తగా నేను అడుగుతున్నది కాదు. ప్రాణాలతో బయటపడ్డవాళ్లు, పోయినవారి కుటుంబాలు, రిటైరైన అధికారులు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. నేనూ ఒక కార్యాలయానికి ఉత్తరం రాశాను. ఏ కార్యాలయమన్నది ఇక్కడ అనవసరం. జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను.

ముందు ఆ మనిషి గురించి నాలుగు మాటలు. మీకు తెలిసినవే, కానీ ఈ లేఖ చదివే పిల్లలకు తెలియకపోవచ్చు.

ముల్లాగారు 1926 మే 15న గోరఖ్‌పూర్‌లో ఒక కశ్మీరీ పండిట్ కుటుంబంలో పుట్టారు. తండ్రి న్యాయమూర్తి. 1948 మే 1న నౌకాదళంలో కమిషన్ అందుకున్నారు. మైన్‌స్వీపర్ మీద పనిచేశారు, ఐఎన్‌ఎస్ కృష్ణ మీద పనిచేశారు, డిస్ట్రాయర్ ఐఎన్‌ఎస్ రాణాకు కమాండర్‌గా ఉన్నారు. బొంబాయిలో ఐఎన్‌ఎస్ ఆంగ్రే అనే తీర స్థావరంలో కొంతకాలం, లండన్‌లోని మన హైకమిషన్‌లో నౌకాదళ వ్యవహారాల బాధ్యతలో కొంతకాలం గడిపారు. 1971 ఫిబ్రవరిలో ఖుక్రి పగ్గాలు, దాంతో పాటే 14వ ఫ్రిగేట్ స్క్వాడ్రన్ (ఫ్రిగేట్ తరహా యుద్ధనౌకల దళం) బాధ్యత ఆయన చేతికొచ్చాయి. అప్పటికి ఆయనకు 45 కూడా నిండలేదు. ఇంట్లో భార్య సుధ, ఇద్దరు ఆడపిల్లలు.

ఇలాంటి వివరాలు ఏ సీనియర్ అధికారి సర్వీసు రికార్డులోనైనా ఉంటాయి. నన్ను ఆపి చదివించింది వేరే విషయం. ముల్లాగారికి చట్టం మీద మంచి పట్టు ఉండేదట. నౌకాదళంలో ఎవరి మీదైనా కోర్టు మార్షల్ (సైనిక న్యాయ విచారణ) పెడితే, తమ తరఫున వాదించమని ఆయన దగ్గరికే వెళ్లేవారట. తప్పు చేశాడని అందరూ అంటున్నవాడి పక్కన నిలబడి, 'ముందు ఆధారాలు చూడండి' అని వాదించడం ఆయనకు అలవాటైన పని. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇక ఆ రాత్రి.

ఖుక్రి బ్రిటన్‌లోని కౌస్‌లో తయారైన బ్లాక్‌వుడ్ తరగతి ఫ్రిగేట్. 1958లో మన నౌకాదళంలో చేరింది. 1,200 టన్నుల చిన్న ఓడ, జలాంతర్గాములను వేటాడటం కోసమే కట్టింది. స్క్వాడ్రన్‌లో దానికి తోడు కృపాణ్, కుఠార్ ఉండేవి. యుద్ధం మొదలైన కొద్ది రోజులకే కుఠార్ బాయిలర్ దెబ్బతిని పక్కకి తప్పుకుంది. డయ్యూ దగ్గర సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి తిరుగుతోందని రేడియో సంకేతాలను బట్టి తెలిసింది. మిగిలిన రెండు ఓడలను దాని వేటకు పంపారు. డిసెంబరు 8న ఖుక్రి, కృపాణ్ బొంబాయి వదిలాయి.

అవతల ఉన్నది పీఎన్‌ఎస్ హంగోర్. ఫ్రాన్స్‌లో కట్టిన డాఫ్నే తరగతి సబ్‌మెరైన్, అప్పటికి సరికొత్తది. దాని సోనార్ (నీటిలో శబ్దాన్ని బట్టి ఓడలను పసిగట్టే పరికరం) ఎంత దూరం వినగలదో, మన ఓడల సోనార్ అందులో చిన్న భాగమే వినగలదు. ఈ లోటు నేవీకి తెలియనిది కాదు. తెలుసు కాబట్టే, లెఫ్టినెంట్ వి.కె. జైన్ అనే కుర్ర అధికారి భాభా అణు పరిశోధన కేంద్రంలో తయారు చేసుకొచ్చిన ఒక పరికరాన్ని ఖుక్రి సోనార్‌కు తగిలించి, అందుకునే దూరం పెంచాలని చూస్తున్నారు. అది సరిగ్గా పనిచేయాలంటే ఓడ నెమ్మదిగా నడవాలి. జలాంతర్గామి కాచుకుని ఉన్నచోట ఓడ నెమ్మదిగా నడవడమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు.

9వ తేదీ రాత్రి 9 కావొస్తుండగా హంగోర్ మొదట కృపాణ్ మీద టార్పెడో (నీళ్లలో దూసుకెళ్లి పేలే ఆయుధం) వదిలింది. అది పేలలేదు. రెండోది ఖుక్రికి తగిలింది. ఓడ నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఎక్కువమంది ఆ సమయంలో కింది డెక్‌లలో ఉన్నారు, పైకి వచ్చే దారులు తక్కువ. 67 మంది రాత్రంతా నీళ్లలో తేలి బతికారు. కృపాణ్ ఆ చోటు నుంచి తప్పుకుని వెళ్లి, మర్నాడు ఐఎన్‌ఎస్ కచ్చల్‌తో కలిసి తిరిగొచ్చి వాళ్లను ఎక్కించుకుంది. తర్వాత నాలుగు రోజులు హంగోర్ కోసం సముద్రమంతా గాలించారు, దొరకలేదు. ఆ గాలింపులో ఒక అలీజే విమానం డిసెంబరు 10న తిరిగి రాలేదు. అందులో ముగ్గురు ఉన్నారు. ఖుక్రి లెక్క చెప్పేటప్పుడు ఈ ముగ్గురిని సాధారణంగా ఎవరూ కలపరు. నేను కలుపుతాను.

ముల్లాగారు ఏం చేశారన్నది మహావీర చక్ర ప్రశంసాపత్రంలో స్పష్టంగా ఉంది. ఓడ వదిలేయండని ఆర్డరిచ్చారు. కంగారు పడకుండా, ఒక పద్ధతిలో మనుషుల్ని బయటికి పంపారు. తన లైఫ్ జాకెట్ ఒక నావికుడికి ఇచ్చేశారు. పంపగలిగినవాళ్లను పంపాక, ఇంకా ఏమైనా చేయగలనేమో చూడటానికి బ్రిడ్జి మీదికి తిరిగి వెళ్లారు. ఓడతో పాటే మునిగిపోతూ ఆయన చివరిసారి కనిపించారు. తెలిసిన సంగతులు ఇవి.

తెలియనివి చాలా ఉన్నాయి. ఆ రెండు ఓడలను, ఆ సోనార్‌తో, ఆ జలాంతర్గామి మీదికి పంపాలని ఎవరు, ఏ లెక్కతో నిర్ణయించారు? నెమ్మదిగా నడవడం, తిన్నగా నడవడం కెప్టెన్ సొంత నిర్ణయమా, ఆ పరికరం కోసం పైనుంచి వచ్చిన ఆదేశమా? జలాంతర్గాముల వేట కోసమే ఆ ఏడాదే నౌకాదళంలో చేరిన సీ కింగ్ హెలికాప్టర్లను తర్వాత గాలింపుకు వాడారు కదా, ముందే ఎందుకు తోడు పంపలేదు? కృపాణ్ ఆయుధాలు ఆ రాత్రి ఏ స్థితిలో ఉన్నాయి, వెనక్కి తిరగడం తప్ప దానికి వేరే దారి ఉందా? వీటికి రిటైరైనవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెబుతారు. కాగితం మీద ఉన్న జవాబు మీ బీరువాల్లో ఉంది.

నిజానికి నేను మిమ్మల్ని కొత్త వరమేమీ అడగడం లేదు. మీరు రాసుకున్న నియమమే గుర్తుచేస్తున్నాను. యుద్ధ చరిత్రల సంకలనం, రికార్డుల విడుదల గురించి 2021 జూన్‌లో రక్షణ శాఖ ఒక విధానం ప్రకటించింది. మామూలుగా 25 ఏళ్లు దాటిన రికార్డులను రహస్య జాబితా నుంచి తీసేయాలని, నిపుణులు చూశాక నేషనల్ ఆర్కైవ్స్‌కు పంపాలని అందులో ఉంది. యుద్ధం ముగిసిన ఐదేళ్లలో చరిత్ర రాయడం పూర్తి కావాలనీ ఉంది. ఆ ప్రకటన చదివి సంతోషించినవాళ్లలో నేనొకణ్ని. దానికి ఆధారం 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం. సమాచార హక్కు చట్టంలోనూ 8(3) సెక్షన్ ఉంది. 20 ఏళ్లు దాటిన సంఘటనల విషయంలో భద్రత లాంటి రెండు మూడు కారణాలు తప్ప మిగతా మినహాయింపులేవీ చెల్లవని అది చెబుతుంది. ఖుక్రి మునిగి అర్ధ శతాబ్దం దాటింది. ఆ తరగతి ఓడలు ఇప్పుడు లేవు, ఆ సోనార్ లేదు, హంగోర్ కరాచీ మ్యూజియంలో ఉంది. ఇందులో ఇంకా దాచాల్సిన భద్రతా రహస్యం ఏముంటుంది?

1971 యుద్ధ అధికారిక చరిత్ర సంగతీ ఇంతే. 1990ల మొదట్లోనే రాయించారు. మీరు విడుదల చేయకముందే 2000లో ఒక పత్రిక ద్వారా బయటికొచ్చింది. దాంతో దేశభద్రతకు ఏం నష్టం జరిగిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఈ ఆలస్యం వల్ల మామూలు మనుషులు ఏం పోగొట్టుకుంటున్నారో ఇక వరుసగా చెబుతాను.

1. అన్నిటికన్నా ముందు కుటుంబాలు. ఖుక్రిలో పోయినవారి దేహాలు ఇంటికి రాలేదు. చితి లేదు, సమాధి లేదు, అస్థికలు కలిపే నది లేదు. ఆఖరి చూపు దక్కని ఇంట్లో దుఃఖం ఎలా ఉంటుందో మన పల్లెల్లో అందరికీ తెలుసు. ఏళ్లు గడిచినా, ఎక్కడో బతికే ఉన్నాడేమో, ఏ ఒడ్డుకైనా కొట్టుకెళ్లాడేమో అన్న ఆశ పూర్తిగా చావదు. అలాంటి ఇంటికి మీరు ఇవ్వగలిగింది ఒక్కటే, జరిగిందేమిటో చెప్పడం. మీవాడు ఆ సమయంలో ఏ డెక్‌లో ఉన్నాడు, ఏ డ్యూటీలో ఉన్నాడు, పక్కన ఉండి బతికినవాడు ఏం చెప్పాడు అన్నది చెప్పడం. బతికినవాళ్లు అప్పుడే ఇచ్చిన వాంగ్మూలాలు ఉంటే, వాటిలో తమవాడి ప్రస్తావన ఉన్న పేజీ నకలు ఆ కుటుంబానికి ఉచితంగా అందించండి. భార్యలు వృద్ధులయ్యారు, కొందరు వెళ్లిపోయారు. అప్పుడు పసిపిల్లలుగా ఉన్నవాళ్లు రిటైర్మెంటు వయసు దాటేశారు. ఇంకో పాతికేళ్లు ఆగితే ఆ నకలు అందుకోవడానికి ఎవరూ మిగలరు.

ఆ 194 మంది పేర్లు, వారి హోదా, సొంత ఊరు, జిల్లా వివరాలతో ఒక జాబితాను భారతీయ భాషలన్నిటిలో, తెలుగులో కూడా, అందరికీ కనిపించేలా పెట్టండి. 2019లో మొదలైన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద పేర్లున్న మాట నిజమే. కానీ గోడ మీద పేరు చూడాలంటే ఢిల్లీ వెళ్లాలి. ఖుక్రిలో మన జిల్లాలవాళ్లు ఉంటే, వాళ్ల ఊరి బడిపిల్లలకు ఆ సంగతి ఊళ్లోనే తెలియాలి.

2. ఇప్పుడు ఓడల మీద పనిచేస్తున్న కుర్రాళ్లు. వాళ్లు రేపు నమ్మాల్సింది తమ పై అధికారుల నిర్ణయాలను. ఒక నిర్ణయం చెడ్డప్పుడు దాన్ని నిజాయితీగా విప్పి చూస్తారన్న నమ్మకం ఉంటేనే ఆ నమ్మకం నిలుస్తుంది. మన నేవీకి ఆ సంస్కారం లేదని నేను అనను. 2014 ఫిబ్రవరిలో సింధురత్న జలాంతర్గామి ప్రమాదంలో ఇద్దరు అధికారులు పోతే, నౌకాదళ ప్రధానాధికారే నైతిక బాధ్యత తీసుకుని రాజీనామా చేశారు. మన దేశంలో ఏ శాఖలోనైనా అంత పైస్థాయిలో అలా జరగడం ఎన్నిసార్లు చూశాం? బాధ్యత తీసుకోవడం తెలిసిన సంస్థకు పాత కాగితం చూపించడానికి భయమెందుకు? కార్గిల్ యుద్ధం ముగిసిన ఏడాదిలోపే సమీక్షా సంఘం నివేదికను సున్నితమైన భాగాలు తీసేసి 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు పెట్టారు. ఖుక్రికీ అదే పద్ధతి పాటించండి. ఒకవేళ నిజంగా దాచాల్సిన పేరా ఏదైనా ఉంటే దాని మీద నల్ల గీత గీయండి, మిగతాది ఇవ్వండి.

3. అధికారిక మాట లేనిచోట పుకారు పాగా వేస్తుంది. దీని గురించి విశాఖవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మా రేవు ముందే మునిగింది. మన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల (నీళ్లలోతున పేలే బాంబుల) వల్ల మునిగిందని మనం అంటాం. దానిలోపలే పేలుడు జరిగిందని పాకిస్తాన్ అంటుంది. సబ్‌మెరైన్ మ్యూజియం ముందు బఠాణీలు అమ్మే మనిషి దగ్గర కూడా దీని మీద ఒక సొంత సిద్ధాంతం ఉంటుంది. సరే, ఘాజీ విషయంలో ఆ వాదన వల్ల మనవాళ్లెవరి పరువూ పోదు. ఖుక్రి విషయంలో అలా కాదు. కృపాణ్ మీద ఉన్నవాళ్లు సాటివాళ్లను వదిలేసి పారిపోయారని కొందరు అంటారు. ఆ పరిస్థితిలో రెండో ఓడను కూడా పోగొట్టుకోకుండా కాపాడటమే సరైన పని అని ఇంకొందరు అంటారు. ఏది నిజమైనా, దశాబ్దాలుగా ఆ మాటలు పడుతున్నవాళ్లూ మన సైనికులే, వాళ్లకూ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. ఫైలు మూసి ఉంచి మీరు వాళ్లకు చేస్తున్న మేలు ఏమీ లేదు.

అవతల పాకిస్తాన్ ఏం చేస్తోందో చూడండి. డిసెంబరు 9ని హంగోర్ దినంగా జరుపుకుంటారు. దాని కెప్టెన్ అహ్మద్ తస్నీమ్ ఆ దాడి ఎలా జరిగిందో వివరంగా చెప్పుకున్నారు, రాసుకున్నారు. ఇవాళ మన కుర్రాడు ఎవరైనా ఖుక్రి ఎలా మునిగిందని వెతికితే, టార్పెడోల లెక్కతో సహా ముందు దొరికేది శత్రువు చెప్పిన కథ. మన వైపు నుంచి దొరికేది ప్రశంసాపత్రం.

4. ఓడ మునిగిన చోటు. అది డయ్యూకు సుమారు 40 నాటికల్ మైళ్ల దూరం. మన ప్రాదేశిక జలాలు 12 మైళ్ల వరకే, ఆ పై పరిధి 24 వరకే. 40 అంటే 200 మైళ్ల ఆర్థిక హక్కుల పరిధిలో మాత్రమే ఉన్నట్టు. పురావస్తు చట్టం కింద రక్షణ కావాలంటే వస్తువుకు నూరేళ్లు నిండాలి, అంటే ఖుక్రి ఇంకా దశాబ్దాల పాటు ఆగాలి. 194 మంది నిద్రపోతున్న చోటును యుద్ధ సమాధిగా గుర్తించే ప్రత్యేక చట్టం మనకు లేదు. బ్రిటన్ 1986లోనే అలాంటి చట్టం చేసుకుంది.

చట్టం లేకపోతే ఏమవుతుందో జావా సముద్రంలో చూశాం. 1942లో అక్కడ మునిగిన డచ్ యుద్ధనౌకల కోసం 2016లో గజ ఈతగాళ్లు దిగితే, రెండు ఓడలు మొత్తంగా మాయమై ఉన్నాయి. మూడోదాంట్లో చాలా భాగం లేదు. పాత ఇనుము కోసం ఎత్తుకుపోయారు, లోపలున్న ఎముకలతో సహా. మలేసియా తీరంలో బ్రిటిష్ ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ ఓడల మీదా దొంగలు పడ్డారు.

ఇందులో తెలుగువాళ్లకూ సంబంధం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీర గ్రామాల నుంచి ఏటా మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు పనికి పోతారు. 2018 నవంబరులో అలా వెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కినవాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర తిరిగి అడుగుపెట్టడం మనమంతా టీవీల్లో చూశాం. డయ్యూ, వెరావల్ నీళ్లు వాళ్ల పని స్థలం. ట్రాలర్ వలలు సముద్రపు అడుగును గీరుకుంటూ పోతాయి. వల మునిగిన ఓడకు తగిలితే ఓడకూ నష్టమే, లక్షలు పెట్టి కొన్న వలకూ నష్టమే, బోటుకూ ప్రమాదమే. ఆ చోటు ఎక్కడో బోటు నడిపేవాడికి తెలియాలి కదా. కాబట్టి దాన్ని యుద్ధ సమాధిగా ప్రకటించండి. దాని చుట్టూ ఎంత మేర వల వేయకూడదో నిర్ణయించి గుజరాతీతో పాటు తెలుగులో, తమిళంలో, మలయాళంలో మత్స్యకార సంఘాలకు తెలియజేయండి. వేట నిషేధం వల్ల ఎవరి కూడూ పోనంత చిన్న వృత్తం చాలు.

5. డయ్యూలోని రెండో ఖుక్రి. ఆ పేరుతోనే మజగావ్ డాక్‌లో కట్టిన కొత్త ఓడ 1989 ఆగస్టు 23న సర్వీసులో చేరింది. ఆ కార్యక్రమంలో ముల్లాగారి భార్య సుధ కూడా ఉన్నారు. ఆ ఓడ 32 ఏళ్లు పనిచేసి, 2021 డిసెంబరు 23న మా విశాఖలోనే జెండా దించుకుంది. తర్వాత దాన్ని మ్యూజియంగా ఉంచడానికి డయ్యూకు అప్పగించారు. అక్కడ 1999 నుంచి మొదటి ఖుక్రి స్మారకం ఉంది, గాజు పెట్టెలో ఓడ నమూనా ఉంది. మంచి పనే. కానీ ఉప్పుగాలి ఇనుమును ఎలా తింటుందో కుర్సురా జలాంతర్గామిని బీచ్ మీద మ్యూజియంగా పెట్టుకున్న మాకు తెలుసు. 1971లో తూర్పు తీరాన పోరాడిన పాత విమానవాహక నౌక విక్రాంత్ ముంబైలో మ్యూజియంగా ఉండి, 2012లో మూతపడి, 2014లో తుక్కుకు పోయింది. ఖుక్రికి ఆ గతి పట్టకుండా శాశ్వత నిధి కేటాయించండి. ఇంకా ముఖ్యం, ఆ ఓడలోకి వెళ్లే సందర్శకుడికి 1971 రాత్రి కథ మొత్తం చెప్పండి. సోనార్ సంగతి, జైన్ పరికరం సంగతి, కృపాణ్ సంగతి, అలీజేలో పోయిన ముగ్గురి సంగతి. కెప్టెన్ విగ్రహం, పూలదండ మాత్రమే కాదు.

6. కాగితాలకూ ఆయుష్షు ఉంటుంది. 1971 నాటి తూర్పు కమాండ్ సైనిక రికార్డులు చాలా వరకు నాశనమైపోయాయని 2010లో పత్రికల్లో వార్తలొచ్చాయి. ఖుక్రి కాగితాలకు అలాంటిదేదైనా జరిగి ఉంటే, అదైనా దాచకుండా చెప్పండి.

ఇక మీలో కొందరి మనసులో ఉండే అభ్యంతరం నాకు తెలుసు. ఫైలు బయటపెడితే చనిపోయినవారి మీద నింద పడొచ్చు, వీరుడి పేరుకు మచ్చ వస్తుంది అంటారు. ముల్లాగారు ఆ ఓడకు కెప్టెన్, ఆ స్క్వాడ్రన్‌కు పెద్ద. కాబట్టి కొన్ని నిర్ణయాలు ఆయనవే అయి ఉండొచ్చు. ఫైల్లో అలా తేలితే తేలనివ్వండి. మహావీర చక్ర ఆయనకు ఇచ్చింది ఓడను ఏ వేగంతో నడిపారన్నందుకు కాదు. ఓడ మునుగుతున్న ఆ కొద్ది నిమిషాల్లో, లైఫ్ జాకెట్ చేతిలో ఉండి కూడా చేసిన పనికి. ఏ కాగితమూ దాన్ని వెనక్కి తీసుకోలేదు. పైగా, ఆధారాలు చూడకుండా ఎవరినీ తప్పుపట్టకూడదని, చూడకుండా ఎవరినీ వదిలేయకూడదని కోర్టు మార్షళ్లలో నిలబడి వాదించిన మనిషి ఆయన. తన కేసులో ఆధారాలు తొక్కిపెట్టమని ఆయనైతే అడిగి ఉండేవారు కాదని నా నమ్మకం. ఆయన పేరు చెప్పి ఫైలు మూయడం ఆయనకు చేసే మర్యాద అనిపించుకోదు.

మీకు ఒక గడువు కూడా సూచిస్తున్నాను. వచ్చే డిసెంబరు 9లోగా మూడు విషయాలు ప్రకటించండి. ఖుక్రికి సంబంధించి మీ దగ్గర ఏయే రికార్డులున్నాయో వాటి జాబితా. వాటిని నేషనల్ ఆర్కైవ్స్‌కు ఏ తేదీకి పంపుతారో. ఇవ్వలేనివి ఏమైనా ఉంటే ఏ సెక్షన్ కింద ఇవ్వలేరో, రాతపూర్వకంగా. రికార్డుల జాబితా తయారు చేయడానికి బడ్జెట్ అక్కర్లేదు, కేబినెట్ నిర్ణయం అక్కర్లేదు. ఒక అధికారి, ఒక గుమస్తా, కొన్ని వారాల పని. ఆ ప్రకటన రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వేస్తాం, కాదంటే అప్పీలుకు పోతాం, అక్కడా కాకపోతే కోర్టుకు. ఈ లేఖ చదివిన కుటుంబాలు, మాజీ నావికులు, లాయర్లు ఇందులో చేరమని కోరుతున్నాను.

తెలుగు రాష్ట్రాల ఎంపీలకు ఒక మాట. పార్లమెంటులో ఈ ప్రశ్న వేయడానికి మీకు ఒక పేజీ చాలు. కావాలంటే ఆ పేజీ నేనే రాసిచ్చేస్తాను.

ఇట్లు,
విశాఖపట్నం పౌరుడు ఒకడు